సరస్సు ఒడ్డు నుంచి కొండ మీదికి: మా యూత్ మలావి ప్రయాణం

శుక్రవారం

మా చర్చి యూత్‌లో డబ్బుల లెక్క చూసేది నేను. మిగతా వాళ్లు ప్రార్థనా కూడికలతో ప్రయాణానికి సిద్ధమవుతుంటే నేను తూకం మిషన్ పక్కన కూర్చున్నాను. విమానం వాళ్లు మనిషికి రెండు పెట్టెలు ఒప్పుకున్నారు. "ఒకటి మనకి, ఒకటి అక్కడి పిల్లలకి" అని పాస్టర్ గారు ప్రకటించేసరికి ఇంటింటి నుంచీ పాత బట్టలు, బొమ్మలు, చాక్లెట్ ప్యాకెట్లు వచ్చి చర్చి వెనక గదిలో గుట్టపడ్డాయి.

అంతలో మమ్మల్ని పిలిచిన, ఆఫ్రికాలోని మలావి దేశపు సంఘం రెవరెండ్ గారి మెయిల్ వచ్చింది. మర్యాదగానే రాశారు, కానీ సూటిగా రాశారు. పాత బట్టలు తేవద్దట, విదేశాల నుంచి వచ్చిపడే పాత బట్టలతో అక్కడి సంతలు ఇప్పటికే నిండిపోయాయట. చాక్లెట్లు పంచొద్దట. వీలైతే మంచి ఉలులు, రంపం బ్లేళ్లు, శాండ్ పేపరు, కరెంటు పని తెలిసిన మనిషి, ఆ మనిషితో పాటు ఒక మల్టీమీటర్ కావాలట. గదిలోని గుట్ట చూసి చాలామంది ముఖాలు వాడిపోయాయి. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఏం కావాలో తెలిసిన వాళ్ల దగ్గరికి వెళ్తే ఖర్చు అదుపులో ఉంటుంది.

దారిలో ఇథియోపియాలో విమానం మారాలి. ఆ దేశం ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల జాబితాలో ఉంది కనుక అందరం టీకా వేయించుకుని పసుపు పుస్తకాలు తీసుకున్నాం. టీకా వేసిన 10 రోజులకు గానీ ఆ సర్టిఫికెట్ చెల్లదు. ఒకసారి చెల్లిందంటే ఇక జీవితాంతం చెల్లుతుంది, 2016 నుంచి అదీ రూలు. మలేరియాకు డాక్సీసైక్లిన్ మాత్రలు బయల్దేరే ముందే మొదలుపెట్టాం. రోజుకొకటి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు వేసుకోవాలి. పాస్‌పోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టి ఆ సంచి నా మెడలో వేశారు. బృందంలో 14 మందిమి.

శనివారం

అడిస్ అబాబా సముద్ర మట్టానికి 2,300 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆగస్టులో అక్కడ వానలు. ఎయిర్‌పోర్టులో స్వెటర్లు చేతి సామాన్లో లేక వణికాం, అంతకు మించి అక్కడ చెప్పుకోవడానికేం లేదు.

లిలోంగ్వేలో దిగాక కస్టమ్స్ ఆఫీసరు సరిగ్గా ఉలులున్న పెట్టెనే తెరిపించారు. ఒక్కో ఉలి తీసి పదును చూసి, "మీరంతా వడ్రంగులా?" అన్నారు. "కాదండీ, చర్చి నుంచి" అంటే పెద్దగా నవ్వి, యేసు ప్రభువు చేసిన పనే కదా అని ముద్ర వేసి పంపేశారు. పాస్టర్ గారు ఆ మాటను తర్వాత రెండు వర్తమానాల్లో వాడుకున్నారు.

మలావి రాజధాని 1975లో జొంబా నుంచి ఈ ఊరికి మారింది. అందుకే ఊరు ఒత్తుగా ఉండదు. ఒక పేటకీ ఇంకో పేటకీ మధ్య చెట్లు, ఖాళీ నేలలు. డబ్బు మార్చుకుంటే క్వాచా కట్టలు నా సంచిలో పట్టలేదు. 2023 నవంబరులో ఒకేసారి 44 శాతం విలువ తగ్గించిన నాణెం అది. టీ తాగినా నోట్లు లెక్కపెట్టుకోవాల్సిందే. మమ్మల్ని చూసిన ప్రతి ఒక్కరూ అడిగిన మొదటి ప్రశ్న, "మీ షాపు ఎక్కడ?" ఇక్కడ భారతీయులంటే తరాలుగా వ్యాపారస్తులు. షాపు లేదు, చర్చి పని మీద వచ్చాం అంటే ఓసారి పైకీ కిందికీ చూసేవాళ్లు.

ఆదివారం ఉదయం ఆరాధనకు వెళ్లాం, మధ్యాహ్నం నిద్రపోయాం.

సోమవారం

ఉత్తరాన మేం చేరాల్సిన లివింగ్‌స్టోనియా కొండకు రెండు దారులున్నాయి. కొండల మీదుగా వెళ్లే ఎం1 హైవే దగ్గరి దారి. కానీ రెవరెండ్ గారు మలావి సరస్సు ఒడ్డు దారిలోనే రమ్మన్నారు. "బండావే చూడకుండా పైకి రావద్దు" అన్నారు. ఎందుకన్నారో మర్నాడు గానీ అర్థం కాలేదు.

పొద్దున్నే బయల్దేరామన్న మాటేగానీ, ఊరు దాటకముందే బండి ఆగింది. డీజిల్ లేదు. దేశంలో డాలర్ల కొరత వచ్చినప్పుడల్లా ఇంధనం దిగుమతి ఆగుతుంది, బంకుల ముందు క్యూలు పెరుగుతాయి. మా డ్రైవరుకు ఇది మామూలే. సీటు వెనక్కి వాల్చి టోపీ ముఖం మీద వేసుకున్నాడు. మావాళ్లకు టెన్షన్. గంటలు గడుస్తుంటే కీబోర్డు వాయించే తమ్ముడు గిటారు తీశాడు. పక్క మినీబస్సులోంచి ఇద్దరు ఆడవాళ్లు దిగి వచ్చి, పాట మాటలు తెలియకపోయినా కింది స్వరం అందుకున్నారు. మేం పాడుతున్నది ఒక వరస, వాళ్లు పాడుతున్నది ఇంకో వరస, రెండూ చక్కగా కలిసిపోయాయి. తమ్ముడు వాయించడం ఆపి, "అక్కా, ఇది వీళ్లకి ఎలా వచ్చింది?" అన్నాడు. అప్పటికి ఎవరి దగ్గరా జవాబు లేదు.

మధ్యాహ్నానికి డీజిల్ దొరికింది. సలీమా దగ్గర నేల దిగిపోయి ఎండ పెరిగింది, లావుపాటి బావోబాబ్ చెట్లు కనిపించాయి. ఆ తర్వాత కుడి పక్కన సరస్సు. సరస్సు అనగానే అవతలి గట్టు కనపడుతుందనుకున్నాం. ఈ సరస్సు పొడవు సుమారు 580 కిలోమీటర్లు. ఆగస్టులో ఆగ్నేయం నుంచి మ్వేరా గాలి వీస్తుంది, అలలు లేచి పడుతుంటాయి. మా కుర్రాళ్లు అప్పుడే ఈతకు సిద్ధమైపోయారు. రెల్లు ఉన్నచోట నీళ్లలో నత్తల వల్ల బిల్హార్జియా వస్తుందని నర్సు చెల్లి చెప్పింది. ఆ రోగం పురుగు చర్మంలోంచే లోపలికి దూరుతుందని కూడా చెప్పాక ఒక్కడూ చెప్పులు విప్పలేదు.

న్‌ఖోటకోటలో కాసేపు ఆగాం. 19వ శతాబ్దంలో ఇది బానిసల వ్యాపారానికి పెద్ద రేవు. లోపలి ఊళ్ల నుంచి పట్టుకొచ్చిన మనుషుల్ని ఇక్కడే పడవలెక్కించి, సరస్సు దాటించి, అక్కడి నుంచి హిందూ మహాసముద్రం ఒడ్డుకు నడిపించేవారు. స్కాట్లండ్ మిషనరీ, అన్వేషకుడు లివింగ్‌స్టన్ ఇక్కడి వ్యాపారి నాయకుడు జుంబేను ఒక చెట్టు కింద కలిసి ఈ వ్యాపారం మానమని అడిగాడంటారు, ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. చెట్టు కింద ఫోటో దిగాం. ఆ రేవు సంగతి విన్నాక ఫోటోలో నవ్వాలో వద్దో ఎవరికీ తేలలేదు.

మంగళవారం

చించెచే దగ్గర రాత్రి పడుకుని పొద్దున్నే బండావే వెళ్లాం. పాత ఇటుకల చర్చి ఇంకా నిలబడి ఉంది. అక్కడికి కొంత దూరంలో, ఇసుకలో, మిషనరీల సమాధులు.

1875లో స్కాట్లండ్ ఫ్రీ చర్చి పంపిన మొదటి బృందం సరస్సు దక్షిణాన కేప్ మెక్లియర్‌లో దిగింది. వాళ్లు 'ఇలాలా' అనే చిన్న స్టీమరును ముక్కలుగా తెచ్చారు. షైర్ నదిలో జలపాతాలు అడ్డొచ్చిన చోట ఆ ముక్కల్ని వందల మంది స్థానికులు తలల మీద మోసి దాటించారు. కేప్ మెక్లియర్‌లో మలేరియా ఒక్కొక్కరినే తీసుకుపోయింది. 1881లో బండావేకు మారారు. ఇక్కడా అదే కథ. రాళ్ల మీద వయసులు చదువుతుంటే మా పిల్లలు మాట్లాడటం మానేశారు. చాలామంది మా యూత్ ఈడు వాళ్లే.

వాళ్లకు జ్వరం ఎలా వస్తుందో తెలియదు. చెడు గాలి వల్ల అనుకునేవారు. అందుకే 1894లో గాలి బాగుంటుందని ఎత్తయిన ఖొండోవె పీఠభూమికి మారారు. కారణం తప్పు, చేసిన పని ఒప్పు. ఎత్తు మీద చలికి దోమలు తక్కువ. మలేరియాను మోసేది దోమ అని రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, అంటే వీళ్లు కొండెక్కిన 3 ఏళ్లకు. ఈ మాట చెప్పగానే మా నర్సు చెల్లి సంచిలోంచి దోమల మందు తీసి ఒకసారి అందరికీ చుట్టూ తిప్పింది.

ఇక్కడ మాకు చర్చి చూపించిన పెద్దాయన స్కాట్లండ్ వాళ్ల గురించి కాసేపే చెప్పారు. ఎక్కువసేపు చెప్పింది విలియం కోయి గురించి. కోయి దక్షిణాఫ్రికాలో పుట్టిన ఖోసా తెగ మనిషి, అక్కడి లవ్‌డేల్ మిషన్ బడిలో చదువుకుని 1876లో ఈ మిషన్‌కు వచ్చాడు. అప్పట్లో ఒడ్డున టోంగా తెగవాళ్లుండేవారు, కొండల మీది నుంచి అంగోని తెగవాళ్లు వాళ్ల మీద పడి దోచుకునేవారు. అంగోనులు దక్షిణం నుంచి వలస వచ్చినవాళ్లు, వాళ్ల భాష కోయి భాషకు దగ్గర. తెల్లవాళ్లు దుబాసీలతో కుస్తీ పడుతుంటే కోయి నేరుగా వెళ్లి వాళ్ల మధ్య కూర్చున్నాడు, 1886లో వాళ్ల మధ్యే చనిపోయాడు. అంగోని రాజు ఎంబెల్వా బడులు పెట్టుకోవడానికి ఒప్పుకున్నది కూడా ఆ రోజుల్లోనే. కేప్ మెక్లియర్ కథా ఇలాంటిదే. స్కాట్లండ్ వాళ్లు వదిలేసి వచ్చాక అక్కడ పని నడిపింది ఆల్బర్ట్ నమలాంబే, 1881లో ఈ మిషన్‌లో మొట్టమొదట బాప్తిస్మం తీసుకున్న మనిషి.

బస్సులో దీని మీద వాదన లేచింది. "మరి మనమెందుకు వచ్చాం అక్కా? మనకి భాషా రాదు, ఉండిపోయేదీ లేదు" అని డిగ్రీ చదివే తమ్ముడు అడిగాడు. పాస్టర్ గారు ఏదో వచనం చెప్పబోయి ఆగిపోయారు. "వాళ్లు అడిగిన ఉలులు ఇవ్వడానికి" అన్నాను నేను. అందరూ నవ్వారు గానీ నేను జోకు వేయలేదు.

దారిలో వరుసగా రబ్బరు తోటలు. తోటల పక్కన పిల్లలు రబ్బరు పాలతో చేసిన బంతులు అమ్ముతున్నారు, నేలకేసి కొడితే ఇంటి కప్పు దాటి ఎగురుతాయి. చాక్లెట్లు పంచొద్దన్నారే గాని బంతులు కొనొద్దనలేదు కదా. సంచిడు కొన్నాం, రసీదు అడగలేదు. రాత్రి ముజుజులో దిగాం.

బుధవారం

ముజుజు నుంచి రుంఫీ దాటి మళ్లీ సరస్సు మట్టానికి దిగితే చితింబా. అక్కడి నుంచి కొండ పైకి దారి పేరు గొరోడె. 15 కిలోమీటర్లు ఉండొచ్చు. మధ్యలో 20 హెయిర్‌పిన్ మలుపులు, వాటికి నెంబర్లున్నాయి. మా మినీబస్సు ఎక్కదు కనుక కిందే వదిలేసి, సంఘం వాళ్లు పంపిన పికప్ వెనక సామాన్లతో పాటు ఎక్కాం. ఎర్రమట్టి, రాళ్లు, ఒక పక్క గోడలా కొండ, ఇంకో పక్క చూడకపోవడమే మంచిది. 11వ మలుపు దగ్గర బండి ఒకసారి వెనక్కి వచ్చి మళ్లీ తిరగాలి. అందరం ఒకే పాట ఎత్తుకున్నాం, భక్తితోనో భయంతోనో వేరుచేసి చెప్పలేను.

పైన లివింగ్‌స్టోనియా. చల్లటి గాలి, పెద్ద పెద్ద చెట్ల కింద ఎర్ర ఇటుక కట్టడాలు, ఎక్కడో కింద లోతులో నీలంగా సరస్సు. మిషన్‌ను ఇక్కడికి తెచ్చిన డాక్టర్ రాబర్ట్ లాస్ 1875లో 24 ఏళ్ల కుర్రాడిగా వచ్చి 1927లో వెళ్లాడు. ఆయన ఉన్న స్టోన్ హౌస్ ఇప్పుడు మ్యూజియం. వైద్యుడే గాని వడ్రంగం, తాపీ, అచ్చు పని అన్నీ నేర్పించే బడి పెట్టాడు. 20వ శతాబ్దం మొదటి పదేళ్లలోనే ఈ కొండ మీద కుళాయి నీళ్లు, నీటితో పుట్టించిన కరెంటు ఉన్నాయి. చర్చిలో రంగు అద్దాల కిటికీలో లివింగ్‌స్టన్ చేతి దగ్గర సూర్యుణ్ని, చుక్కల్ని చూసి దారి లెక్కకట్టే సెక్స్‌టెంటు, మందుల పెట్టె కనిపిస్తాయి.

రాత్రి భోజనానికి ముందు ఇంటావిడ జగ్గుతో అందరి చేతుల మీద నీళ్లు పోశారు. న్సిమా పెట్టారు. మొక్కజొన్న పిండితో చేసే గట్టి ముద్ద, చేత్తో తుంచి మధ్యలో బొటనవేలితో గుంట చేసి కూర అందుకోవాలి. గుమ్మడి ఆకుల్లో వేరుశనగ పొడి వేసిన కూర నాకు తెగ నచ్చింది. ఎండబెట్టిన చిన్న చేపలు, ఉసిపా, మావాళ్లు మూడోసారి కూడా వడ్డించుకున్నారు.

గురు, శుక్ర, శని

పని ఒక ప్రాథమిక పాఠశాలలో. 1994 నుంచి ఈ దేశంలో ప్రాథమిక చదువు ఉచితం. పిల్లలు ఒక్కసారిగా బడికొచ్చేశారు, గదులు, బల్లలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. చాలా తరగతుల్లో నేల మీదే కూర్చుంటారు. హెడ్‌మాస్టరు గారు అడిగింది బల్లలు. గోడలకు రంగులేసి బొమ్మలు గీద్దామని మావాళ్లు ఇంటి దగ్గరే డిజైన్లు వేసుకొచ్చారు. హెడ్‌మాస్టరు ఆ కాగితాలు చూసి, బాగున్నాయని మెచ్చుకుని, మడిచి వెనక్కి ఇచ్చేశారు.

పనికి పెద్ద అక్కడి వడ్రంగి, అందరూ ఆయన్ని 'అదాదా' అంటుంటే మేమూ అలాగే పిలిచాం. విఫ్యా అడవుల పైన్ చెక్క. ఒక చెక్క చివర సన్నంగా చెక్కి, రెండో చెక్కలో దానికి సరిపడా బెజ్జం తొలిచి, దాంట్లో ఇది దించుతారు. మేకు లేదు, జిగురు లేదు. కొలత గీసుకోవడం ఒక్కసారే, తర్వాత అంతా కన్నే. మేం తెచ్చిన ఉలుల్లో ఒకటి తీసి, బొటనవేలి గోరు మీద ఆనించి చూశారు. తల ఊపారు. రాయి తెప్పించి, నీళ్లు చల్లి, చాలాసేపు నూరారు. కొత్త ఉలికి పదును ఉండదట, కొన్నవాడే పెట్టుకోవాలట. ఆయన రెండు బెజ్జాలు తొలిచేలోపు మా డిగ్రీ తమ్ముడు సగం తొలిచాడు, అదీ వంకరగా. ఆయన ఏమీ అనకుండా ఆ చెక్కను పక్కన పెట్టి మధ్యాహ్నం దాన్ని కింది అడ్డపట్టీకి వాడేశారు. ఆ తర్వాత మాకు ఆయన అప్పగించిన పని శాండ్ పేపరు. ముందు గరుకుది, తర్వాత నున్నటిది, ఎప్పుడూ చెక్క చారల వెంటే రుద్దాలి, అడ్డంగా రుద్దితే వార్నిషు వేశాక గీతలు బయటపడతాయి. సాయంత్రానికి వేళ్ల కొసలు నున్నబడి ఫోన్లు మా వేలిముద్రలు గుర్తుపట్టలేదు.

మా టికెట్ల డబ్బుతో ఈ ప్రాంతంలో ఎన్ని నెలలు ఎంతమంది వడ్రంగులకు కూలీ ఇవ్వొచ్చో మనసులో లెక్క కట్టాను. లెక్కలు చూసేవాళ్లకు ఆ జబ్బు తప్పదు. అంకె ఇక్కడ రాయను, కమిటీకి చెబుతాను.

అయితే ఎలక్ట్రీషియన్ అన్న సంగతి వేరు. బడిలో ఏదో సంస్థ ఇచ్చిన సోలార్ పలకలు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి. రాత్రి పరీక్షలకు చదువుకునే పిల్లల కోసం పెట్టారు. ఏడాది తిరక్కముందే లైట్లు గంటకే ఆరిపోతున్నాయి. పలకలు పాడయ్యాయని అందరూ అనుకున్నారు. అన్న మల్టీమీటరు పెట్టి చూశాడు, పలకలు భేషుగ్గా ఉన్నాయి. ఊళ్లోవాళ్ల ఫోన్లన్నీ రాత్రి ఇక్కడే చార్జింగ్ పెడుతున్నారు, అదీ బ్యాటరీని కాపాడే కంట్రోలరును తప్పించి నేరుగా బ్యాటరీకి తగిలించిన తీగతో. లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి పైగా ఖాళీ చేస్తుంటే అది త్వరగా చచ్చిపోతుంది. ఒక బ్యాటరీ అప్పటికే పోయింది. రెండోదాన్ని విడిగా కట్టి, తీగలన్నీ కంట్రోలరు గుండా తిప్పి, వోల్టేజి తగ్గితే దానంతటదే ఆగేలా పెట్టాడు. ఇద్దరు సీనియర్ కుర్రాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మీటరు వాళ్ల చేతికే ఇచ్చాడు. ఫోన్లు ఎండ ఉన్నంతసేపే చార్జింగ్ పెట్టాలని అక్కడి భాష టుంబుకాలో బోర్డు రాయించాడు. శనివారం రాత్రి పది గంటలకు కూడా గదిలో లైటు వెలుగుతోంది. మీటరు అక్కడే వదిలేశాం. మా ప్రయాణం మొత్తంలో పైసాకు పైసా గిట్టిన ఖర్చు అది.

నర్సు చెల్లి ఆసుపత్రికి వెళ్లింది గాని రోగిని ముట్టుకోలేదు. ఈ దేశంలో రిజిస్ట్రేషన్ లేని విదేశీ నర్సు వైద్యం చేయకూడదు, ఆమె అడగనూ లేదు. ఐదేళ్లలోపు పిల్లల క్లినిక్‌లో పక్కన నిలబడి చూసింది. తల్లులందరి చేతుల్లో హెల్త్ పాస్‌పోర్టు అనే పుస్తకం, పుట్టినప్పటి నుంచీ టీకాలు, తూకాలు అన్నీ దాంట్లోనే. దూలానికి వేలాడే కాటాకు పిల్లాణ్ని నిక్కరు లాంటి గుడ్డ సంచిలో దించి తూస్తారు. జ్వరమొస్తే వేలికొస రక్తపు చుక్కతో పావుగంటలో మలేరియా ఉందో లేదో తేలుస్తారు, ఉంటే 3 రోజుల్లో 6 మోతాదుల మందు. మలేరియా టీకాను ప్రయోగాత్మకంగా 2019లో మొదట ఇవ్వడం మొదలుపెట్టింది మలావిలోనే. బండావే సమాధుల దగ్గర అంతసేపు నిలబడ్డాం కదా, ఆ రాత్రి చెల్లి ఇవన్నీ చెబుతుంటే ఎవరూ ఫోన్ ముట్టుకోలేదు.

మధ్యాహ్నాలు పిల్లల కూడిక. రూల్స్ ముందే చెప్పారు. ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదు, ముఖాలు కనిపించేలా ఫోటోలు తీయకూడదు, ఎవరికీ విడిగా ఏమీ ఇవ్వకూడదు. ఫోటోల మీద కొందరు సణిగారు. మనింటి పిల్లల్ని ఎవరో వచ్చి అలా తీసుకుపోతే ఊరుకుంటామా అని పాస్టర్ గారు అనేసరికి సణుగుడు ఆగింది. మా బొమ్మలాట సగంలోనే తేలిపోయింది. మేం ఇంగ్లిషులో చెప్పడం, అక్కడి టీచరు టుంబుకాలో చెప్పడం, ఈలోపు నవ్వు రావాల్సిన చోటు దాటిపోవడం. రబ్బరు బంతులకు ఏ భాషా అక్కర్లేదు కనుక అవి గెలిచాయి.

పాట సంగతి మాత్రం రాయాలి. అభినయంతో పాడే తెలుగు పాట ఒకటి గురువారం నేర్పాం. శుక్రవారం వచ్చేసరికి పిల్లలు దాన్ని మాకంటే బాగా పాడుతున్నారు. ఒక వరస మాది. దాని కింద పెద్ద మగపిల్లలు లోతైన వరస కట్టారు, పైన ఆడపిల్లలు ఇంకోటి. ఎవరూ నేర్పలేదు, కాగితం లేదు, వాయిద్యం లేదు. మా కీబోర్డు తమ్ముడు వాళ్ల మధ్య నేల మీద కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు. ముఖాలు కాదు, గొంతులే.

ఆదివారం

ఆరాధన గంటల కొద్దీ సాగింది, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. ఉమన్యానో అనే స్త్రీల సమాజం వాళ్లు యూనిఫాంలో ముందు వరసల్లో. ఒక గాయక బృందం తర్వాత ఒకటి లేచి పాడుతూనే ఉన్నాయి. కానుకల వేళ పేటల వారీగా నడుచుకుంటూ, అడుగులేస్తూ ముందుకొస్తారు. డబ్బు లేనివాళ్లు మొక్కజొన్న తెచ్చారు, ఒకావిడ కోడిని తెచ్చారు. లెక్క అక్కడే కట్టి, ఏ పేట ఎంత ఇచ్చిందో అందరి ముందూ చదివారు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. మా కమిటీకి నచ్చుతుందా అన్నది వేరే సంగతి.

పాటల రహస్యం సభ అయ్యాక రెవరెండ్ గారు చెప్పారు. తొలి తరం అంగోని విశ్వాసులు తమ పాత బాణీల్లోనే కీర్తనలు కట్టారట. డొనాల్డ్ ఫ్రేజర్ అనే మిషనరీ వద్దనకుండా ప్రోత్సహించాడట. గొంతులు కలిపి పాడటం వాళ్లకు చర్చి నేర్పలేదు, చర్చికి వాళ్లే తెచ్చారు.

సోమవారం

పొద్దున మంచెవె జలపాతం. 125 మీటర్లు పడుతుంది. నీటి వెనక గుహలున్నాయి. బానిసల కోసం వచ్చే దళాల నుంచి తప్పించుకోవడానికి ఊళ్లవాళ్లు వాటిలో దాక్కునేవారట. న్‌ఖోటకోట రేవు చూసి వచ్చాం కనుక ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేకపోయింది.

తిరిగొస్తూ నేల మీద రాళ్లతో రాసిన పెద్ద అక్షరాలు చూశాం: ఎఫెసీ 2:14. 1959లో ఇది బ్రిటిష్ వాళ్ల న్యాసాలాండ్. స్వాతంత్య్రం అడుగుతున్న వాళ్లను జైళ్లలో వేసి మార్చి 3న ఎమర్జెన్సీ పెట్టారు. ఈ కొండకు దారులు తెగిపోయాయి. మిషనరీలను తీసుకెళ్లిపోవాలా అని ప్రభుత్వం విమానంలోంచి సందేశం జారవిడిచింది. పైనుంచి కనిపించేలా వాళ్లు ఇచ్చిన జవాబు ఈ రాళ్లు. మధ్యగోడను పడగొట్టి ఇద్దరినీ ఒకటి చేశాడని ఆ వచనం. పాస్టర్ గారు బైబిల్ తెరవలేదు, వచనం నోటికే చెప్పి నడక సాగించారు.

మంగళవారం

మిగిలిన ఉలులు, బ్లేళ్లు అదాదాకు లెక్కచెప్పి అప్పగించాం. ఆయన సంతకం పెట్టి, రసీదులో 'ఉలులు' అన్నచోట నేను ఒకటి తక్కువ రాశానని నాకే చూపించారు. సరిచేశాను.

బండెక్కబోతుంటే అక్కడి యూత్ సెక్రటరీ, పాతికేళ్ల అమ్మాయి, నన్ను పక్కకు పిలిచింది. "మీరు వచ్చి చూశారు. మరి మేం ఎప్పుడు రావాలి?" అంది. సరదాకు అడగలేదు. పాస్‌పోర్టు ఎంతవుతుంది, వీసాకు ఏం కావాలి, ఉత్తరం ఎవరు రాయాలి, అన్నీ కాగితం మీద రాసుకుని వచ్చింది. మా ప్రణాళికలో ఆ వరస ఎక్కడా లేదు.

గొరోడె దిగుతూ ఎవరూ పాడలేదు, అందరూ దాని గురించే వాదించుకున్నారు. వచ్చే ఏడు ఎలక్ట్రీషియన్ అన్ననూ ఇంకొకర్నీ పంపితే చాలు, మిగతా టికెట్ల డబ్బుతో ఇక్కడి నుంచి నలుగురు గాయకుల్ని పిలుద్దామన్నాను. మొదటిసారి విమానం ఎక్కిన చెల్లి గట్టిగా అడ్డుపడింది, "నేను చూడబట్టే కదక్కా ఇవన్నీ తెలిశాయి, తర్వాతి పిల్లలకి ఆ అవకాశం వద్దా?" అంది. అందులోనూ న్యాయం ఉంది. కీబోర్డు తమ్ముడు నా వైపు, డిగ్రీ తమ్ముడు ఆమె వైపు. పాస్టర్ గారు ఇద్దరికీ తల ఊపుతున్నారు. అడిస్‌లో విమానం మారేటప్పటికి కూడా తేలలేదు. ఆహ్వానపు ఉత్తరం ముసాయిదా మాత్రం నేను రాసేశాను, వచ్చే నెల కమిటీలో పెడతాను. డాక్సీసైక్లిన్ మాత్రలు ఇంకా 4 వారాలు, ఎవరూ మర్చిపోకండి.